సాఫ్ట్‌వేర్‌లో పేరు లేని పీక్: 11.3 ఆర్డర్ దగ్గర ఏముంది?

గాలిలెక్క · ఏప్రిల్ 9, రాత్రి 11:52

అందరికీ నమస్తే. మాదాపూర్‌లో గాలిమరల రిమోట్ మానిటరింగ్ సెంటర్‌లో పని చేస్తున్నాను. ఈ వారం నైట్ షిఫ్ట్. అనంతపురం వైపు మాకున్న ఒక సైట్‌లో 2 మెగావాట్ల టర్బైన్, టవర్ 17 అనుకోండి. గేర్‌బాక్స్ హైస్పీడ్ షాఫ్ట్‌కి జనరేటర్ వైపున్న బేరింగ్ దగ్గరి సెన్సర్‌లో, ఎన్వలప్ స్పెక్ట్రం (బేరింగ్‌లో పడే దెబ్బల లయను బయటపెట్టే ఫ్రీక్వెన్సీ గ్రాఫ్) తీస్తే, మూడు వారాలుగా ఒక పీక్ కనిపిస్తోంది. షాఫ్ట్ 1500 ఆర్‌పీఎం, అంటే 25 హెర్ట్జ్ దగ్గర తిరిగేటప్పుడు అది 282–283 హెర్ట్జ్. స్పీడ్ మారితే పీక్ కూడా దాంతోపాటే జరుగుతోంది. ఆర్డర్లలో, అంటే షాఫ్ట్ వేగానికి ఎన్ని రెట్లో చూస్తే ఎప్పుడూ 11.3. అటూ ఇటూ సరిగ్గా ఒక్కో ఆర్డర్ దూరంలో సైడ్‌బ్యాండ్లు, అంటే చిన్న పక్క పీక్‌లు.

నా ఇబ్బంది ఏంటంటే, సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించిన బేరింగ్ వివరాల ప్రకారం ఇన్నర్ రేస్ (లోపలి రింగ్) దెబ్బతింటే పీక్ 10.2 దగ్గర, ఔటర్ రేస్ (బయటి రింగ్) దెబ్బతింటే 7.8 దగ్గర రావాలి. 11.3కి పేరే లేదు. పేరు లేదు కాబట్టి అలారం బ్యాండూ లేదు. అలారం లేదు కాబట్టి నెలవారీ రిపోర్ట్‌లో టవర్ 17 పచ్చగా ఉంది. ఓవరాల్ వైబ్రేషన్ మామూలే. బేరింగ్ టెంపరేచర్ పక్క టవర్లతో సమానం. సైట్‌కి ఫోన్ చేస్తే "శబ్దమేం లేదు, బాగానే తిరుగుతోంది" అన్నారు. మా లీడ్ అయితే "నాయిస్ అయ్యుంటుంది, వచ్చే నెల చూద్దాం" అన్నారు.

వచ్చే నెలంటే మే. ఆ వెంటనే గాలుల సీజన్. నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?

బాలానగర్_బాబాయ్ · ఏప్రిల్ 10, ఉదయం 5:40

నాయిస్‌కి ఇంత క్రమశిక్షణ ఉండదమ్మా. షాఫ్ట్ ఎంత తిరిగితే అంత జరుగుతూ, అటూ ఇటూ లెక్కగా తోకలు పెట్టుకుని కూర్చుందంటే అది షాఫ్ట్‌తో చుట్టరికం ఉన్న సరుకే.

ముందు సెన్సర్ సంగతి తేల్చుకో. స్టడ్ వదులైనా, కేబుల్ తెగబోతున్నా స్పెక్ట్రం ఎడమ చివర కొండచరియలా ఎత్తుగా మొదలై జారుతుంది. అలా లేకపోతే సెన్సర్ మంచిదే అనుకుని ముందుకు పోదాం.

ఇక సైడ్‌బ్యాండ్లు. గుడి చుట్టూ చేత్తో గంట వాయిస్తూ ప్రదక్షిణ చేసే మనిషిని తలుచుకో. నువ్వు ముఖద్వారం దగ్గర నిలబడ్డావు. గంట ఒకే లయలో మోగుతోంది, కానీ అతను నీ ముందుకొచ్చినప్పుడు గట్టిగా, గుడి వెనక్కి పోయినప్పుడు మెల్లగా వినిపిస్తుంది. గంట లయ నీ 11.3. ప్రదక్షిణకొకసారి హెచ్చి తగ్గడం నీ సైడ్‌బ్యాండు. ఇన్నర్ రేస్ షాఫ్ట్‌తోపాటు తిరుగుతుంది కదా, దాని మీది గాటు బరువు పడే చోటికి చుట్టుకొకసారి వస్తుంది. ఔటర్ రేస్ కదలదు. అది ధ్వజస్తంభానికి కట్టిన గంట, మోత ఎప్పుడూ ఒకటే.

అంచేత నా ఓటు ఇన్నర్ రేస్‌కి. మరి 10.2 దగ్గర రావాల్సింది 11.3 దగ్గరెందుకు వచ్చిందంటావా? స్పెక్ట్రంని కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బేరింగ్‌ని అనుమానించు. ఏ రోలర్ బేరింగ్‌కైనా ఇన్నర్, ఔటర్ ఆర్డర్లు కూడితే రోలర్ల సంఖ్య రావాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో 10.2, 7.8 కూడితే 18. ఇన్నర్‌ని 18తో భాగిస్తే 0.567. పుస్తకాల్లో 0.6 అని రాస్తారు గానీ అది చిన్న బాల్ బేరింగులకు. ఇంత రోలర్ల గుంపున్న పెద్ద బేరింగుల్లో ఆ నిష్పత్తి ఈ చుట్టుపక్కలే తిరుగుతుంది. ఇప్పుడు నీ 11.3ని 0.567తో భాగించు.

గాలిలెక్క · ఏప్రిల్ 10, ఉదయం 5:58

19.9!

ఎడమ వైపు జారుడు లేదు బాబాయ్ గారూ, సెన్సర్ శుభ్రంగా ఉంది.

బాలానగర్_బాబాయ్ · ఏప్రిల్ 10, ఉదయం 6:04

ఇరవై రోలర్ల బేరింగ్ ఏదో అక్కడ కూర్చుంది. అదే నిజమైతే ఔటర్ 8.7 దగ్గర రావాలి. ఏమైనా ఉందా?

గాలిలెక్క · ఏప్రిల్ 10, ఉదయం 6:09

8.7 దగ్గర ఏమీ లేదు. చదునుగా ఉంది. షిఫ్ట్ అయిపోయింది, మెట్రో ఎక్కుతున్నా. సాయంత్రం చూస్తాను.

డేటా_దోసె · ఏప్రిల్ 10, ఉదయం 10:20

నేను ఇదే రంగంలో డేటా వైపు ఉన్నాను. స్కాడా (టర్బైన్ కంట్రోల్ సిస్టమ్ రాసిపెట్టే) డేటాతో మోడల్ కట్టాం: గాలి వేగం, పవర్, బయటి ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం ఇస్తే బేరింగ్ టెంపరేచర్ ఎంత ఉండాలో చెబుతుంది. అసలు టెంపరేచర్ దానికంటే బాగా పైకి పోతే ఫ్లాగ్ ఎత్తుతుంది. సెన్సర్లు కొత్తగా పెట్టే పని లేదు, ప్రతి టర్బైన్‌లోనూ ఆ డేటా ఉండనే ఉంది. మీ టవర్ టెంపరేచర్ పక్క టవర్లతో సమానమంటున్నారు కాబట్టి అంత కంగారు అక్కర్లేదనుకుంటాను. ఒక్క పీక్ పట్టుకుని టర్బైన్ ఆపితే ఎవరూ ఊరుకోరు.

బాలానగర్_బాబాయ్ · ఏప్రిల్ 10, మధ్యాహ్నం 1:15

దోసె బాబూ, మీ స్కాడా పది నిమిషాలకొక సగటు అంకె ఇస్తుంది. ఆ పది నిమిషాల్లో ఈ షాఫ్ట్ 15,000 చుట్లు తిరుగుతుంది. ఇన్నర్ రేస్ మీద వేలి గోరంత పెచ్చు లేస్తే ఎంత వేడి పుడుతుంది? దాన్ని చల్లార్చడానికి మూడు వందల లీటర్ల పైచిలుకు ఆయిల్ కూలర్ గుండా తిరుగుతూనే ఉంది. కుండలో అన్నం మాడిన వాసన వీధిలోకి వచ్చేసరికి అన్నం మిగలదు. టెంపరేచర్ ఆ వీధిలో వాసన.

ఓవరాల్ వైబ్రేషన్ కథా అంతే. 2015లో వచ్చిన ఐఎస్ఓ 10816-21 ప్రమాణంలో గేర్‌బాక్స్ ఉన్న టర్బైన్లకు వైబ్రేషన్ జోన్లు ఇచ్చారు. పనికొచ్చేదే, కాదనను. కానీ అది ఇంటి మొత్తం కరెంటు బిల్లు లాంటిది. ఏ గదిలో లైటు వెలుగుతోందో బిల్లు చెప్పదు.

నలభై ఏళ్ల కిందట మేం స్క్రూడ్రైవర్ మొన పంపు బేరింగ్ మీద, పిడి చెవికీ ఆనించి వినేవాళ్లం. ఎన్వలప్ అంటే అదే పని. పగులు మీద రోలర్ ఎక్కినప్పుడల్లా ఇనుము కొన్ని వేల హెర్ట్జ్‌ల దగ్గర ఖంగుమంటుంది. ఆ ఖంగు ఎంత గట్టిగా ఉందన్నది కాదు, ఎంత సేపటికొకసారి వస్తోందన్నది లెక్కపెడతాం.

డేటా_దోసె · ఏప్రిల్ 10, మధ్యాహ్నం 1:40

ఒప్పుకుంటాను, బేరింగ్ తొలి దశ మా మోడల్‌కి అందదు. కానీ జనరేటర్ కూలింగ్ మొరాయించడం, రెక్కల పిచ్ కోణం తేడా, నాసెల్ (టవర్ పైనున్న మెషిన్ గది) గాలికి సరిగ్గా ఎదురు తిరగకపోవడం, ఇవన్నీ స్కాడాలోనే ముందు దొరుకుతాయి, మీ వైబ్రేషన్‌లో కాదు. స్కాడాని మరీ తీసిపారేయకండి.

బాలానగర్_బాబాయ్ · ఏప్రిల్ 10, మధ్యాహ్నం 1:52

అది నిజమే.

పైసా_వసూల్ · ఏప్రిల్ 10, రాత్రి 9:30

టర్బైన్ల యజమాని తరఫున లెక్కలు చూసేవాణ్ని. ఇటువైపు నుంచి కూడా వినండి. కొన్నేళ్ల కిందట, వేరే సంస్థలో ఉండగా, ఇలాగే మానిటరింగ్ వాళ్లు "గేర్‌బాక్స్‌లో గేర్ దెబ్బతింది, అర్జంటు" అని రిపోర్ట్ పంపారు. పెద్ద క్రేన్ తెప్పించాం. క్రేన్ పోవడానికి దారి లేదు, వేరుశనగ చేనులోంచి మట్టి రోడ్డు వేయాల్సి వచ్చింది, రైతుకు పంట నష్టం కట్టిచ్చాం. తీరా విప్పి చూస్తే ఆ స్టేజిలో గేర్లు అద్దాల్లా ఉన్నాయి. ఇంటర్మీడియట్ షాఫ్ట్, హైస్పీడ్ షాఫ్ట్ సెన్సర్ల కేబుళ్లు బిగించేటప్పుడే తారుమారు చేశారట. ఆ తర్వాత రెండేళ్ల పాటు వైబ్రేషన్ రిపోర్ట్ అంటే మా బాస్ తెరిచి చూడలేదు.

అందుకే అడుగుతున్నా. మీ దగ్గర పీక్ కాకుండా ఇంకేముంది?

గాలిలెక్క · ఏప్రిల్ 10, రాత్రి 10:45

న్యాయమైన ప్రశ్న సార్. ప్రస్తుతానికి పీక్ తప్ప ఏమీ లేదు. కేబుళ్ల సంగతి నాకు తట్టలేదు, అది కూడా సరిచూడమంటాను.

ఆయిల్_చుక్క · ఏప్రిల్ 11, ఉదయం 8:10

నాచారంలో ఆయిల్ ల్యాబ్‌లో ఉంటాను. రెండో సాక్షి కావాలంటే ఆయిల్‌నే అడగాలి, కానీ సరైన ప్రశ్న అడగాలి. మామూలు రిపోర్ట్‌లో ఐరన్ ఇన్ని పీపీఎం అని రాస్తామే, ఆ స్పెక్ట్రోమీటర్‌కి కొన్ని మైక్రాన్ల లోపు సన్న రేణువులే కనిపిస్తాయి. బేరింగ్ నుంచి ఊడేవి పెచ్చులు, అంతకంటే ఎన్నో రెట్లు పెద్దవి. అవి దాని కంట పడవు. అంచేత "ఐరన్ నార్మల్" అని రిపోర్ట్ వస్తే గుండె మీద చెయ్యేసుకుని పడుకోవద్దు. ఫెర్రస్ డెబ్రిస్ పరీక్ష, అదే ఆయిల్‌లోని ఇనుప రేణువులను అయస్కాంత పద్ధతిలో కొలిచే పీక్యూ ఇండెక్స్ వేరేగా అడగండి. ఆయిల్ శుభ్రత చెప్పే ఐఎస్ఓ 4406 కోడ్ కూడా తీయించండి. అందులో మూడు అంకెలు 4, 6, 14 మైక్రాన్లు దాటిన రేణువులవి. అంకె ఒకటి పెరిగితే రేణువులు దాదాపు రెట్టింపైనట్టు. 18 నుంచి 20 అయితే "రెండే కదా పెరిగింది" అనుకుంటారు చాలామంది.

శాంపిల్ తీసే పద్ధతి మీదే సగం ఫలితం ఉంటుంది. టర్బైన్ ఆపిన కాసేపటికే, ఆయిల్ వేడిగా ఉండగా, ఫిల్టర్‌కి ముందున్న వాల్వ్ నుంచి, మొదటి కొంచెం పారబోసి పట్టాలి. మొన్నొకరు మంచినీళ్ల బాటిల్లో పట్టి పంపారు. అందులో నీళ్ల శాతం ఎందుకు ఎక్కువొచ్చిందని నన్నే గట్టిగా అడిగారు.

ఇంకొకటి. ఫిల్టర్ ఎలిమెంట్ మార్చినప్పుడు పాతది పారేయకుండా కోసి, మడతలు విప్పి, అయస్కాంతం తిప్పి చూడమనండి. ల్యాబ్ ఖర్చు కూడా ఉండదు.

రాణిగంజ్_రోలర్ · ఏప్రిల్ 11, మధ్యాహ్నం 12:30

దుకాణం కాడ గిరాకీ లేదు, గందుకే మొత్తం సదివిన. బాలానగర్ కాక చెప్పింది నూటికి నూరు నిజం. మస్తు మందికి తెల్వని ముచ్చట ఒకటి చెప్త. బేరింగ్ నంబర్ ఒకటే ఉంటది, లోపలి రంధ్రం, బయటి వ్యాసం, వెడల్పు మిల్లీమీటర్ తేడా లేకుంట ఒకటే ఉంటయ్. ఎందుకంటే బయటి కొలతలకే ప్రమాణం ఉన్నది. లోపల ఎన్ని రోలర్లు పెట్టాలె, ఎంత లావుయి పెట్టాలె అన్నది కంపెనీ ఇష్టం. ఒకడు 18 పెడ్తడు, ఇంకొకడు 20 పెడ్తడు. గేర్‌బాక్స్‌ల మాత్రం రెండూ సక్కగ కూసుంటయ్.

నా అనుమానం ఏందంటే, నడుమ ఎప్పుడో బేరింగ్ మార్చిన్రు. కొనేటోడు నంబర్ చూసి కొన్నడు, సాఫ్ట్‌వేర్ కాడున్నోనికి ఎవడూ చెప్పలే. చెల్లె, మీ సైట్ల పాత రిపేర్ కాయితం దొరుకుతదేమో సూడుమను.

కొండమీద_టవర్ · ఏప్రిల్ 12, రాత్రి 8:05

అక్కా, మీరు చెప్పే సైట్ మాదే అనుకుంటా. ఉరవకొండ అవతల. 17 అన్నారు గానీ నిజం నంబర్ నాకు తెలిసిపోయింది, ఈడ చెప్పనులే. రోజూ నేను ఎక్కే బండే అది.

"శబ్దం లేదు" అని చెప్పింది మేమే. ఒక మాట చెప్తా కోపం చేసుకోవద్దండి. మీరు ఫోన్ చేసినప్పుడు మేము టవర్ కింద ఉంటాము. ఎనభై మీటర్ల కింద నిలబడినోనికి ఏం ఇనపడతాది? రెక్కల హోరు తప్ప. పైన నాసెల్‌లో మనిషి ఉన్నప్పుడు బండి తిరగనియ్యరు. అంటే తిరిగేటప్పుడు దాని దగ్గర చెవి పెట్టే అవకాశం మాకు ఎప్పుడూ లేదు. శబ్దం ఇనాల్సింది మీ సెన్సరే.

రిపేర్ కాయితం ఎదుకుతా. స్టోర్ రూములో పాత ఫైళ్లు ఉండాయి, ఎలకలు తినకుంటే.

గాలిలెక్క · ఏప్రిల్ 12, రాత్రి 8:20

తమ్ముడూ, రెండేళ్లుగా "శబ్దం ఏమైనా ఉందా" అని మిమ్మల్ని ఫోన్లో అడుగుతున్నాను. ఇప్పుడు సిగ్గేస్తోంది.

కొండమీద_టవర్ · ఏప్రిల్ 13, సాయంత్రం 6:40

దొరికింది. రెండేళ్ల కిందటి జాబ్ కార్డు, మీద అంతా ఆయిల్ మరకలు. హైస్పీడ్ షాఫ్ట్ బేరింగులు పైననే మార్చినారు. కంపెనీ గడిలో ముందు రాసింది కొట్టేసి, పైన పెన్నుతో ఇంకో కంపెనీ పేరు రాసి సంతకం పెట్టినారు. పాతది స్టాక్ లేదని ఇది తెచ్చినట్టుండాది. ఆ నెలలో మా సైట్లో ఒక్కటే కాదు, మొత్తం పన్నెండు బండ్లకి ఇదే పని చేసినారు.

కేబుళ్లు కూడా చూసినా అక్కా. తారుమారు కాలేదు. ఏ సెన్సర్ ఆడనే ఉండాది, ఒక్కోదాన్ని వేలితో తట్టి, మీ సెంటర్లో ఎవరో సార్‌తో ఫోన్లో సరిచూసుకున్యా. బేరింగ్ నంబర్ రాణిగంజ్ అన్నకి మెసేజ్ పెట్టినా.

రాణిగంజ్_రోలర్ · ఏప్రిల్ 14, ఉదయం 11:10

గా నంబర్‌ది, గదే కంపెనీది, మా గోదాంల ఒకటి ఉన్నది. డబ్బా ఇప్పి, నూనె కాయితం తీసి, వేలు పెట్టి లెక్కవెట్టిన. 20 రోలర్లు. నమ్మకం లేక మా పోరనితోని ఇంకోసారి లెక్కవెట్టిచ్చిన. 20.

ఇప్పిన డబ్బా ఇగ ఎవడు కొంటడో దేవునికే ఎరుక.

బాలానగర్_బాబాయ్ · ఏప్రిల్ 14, ఉదయం 11:25

తమ్ముడూ, నీకు అమీర్‌పేటలో ఇరానీ చాయ్ బాకీ.

గాలిలెక్క · ఏప్రిల్ 14, రాత్రి 11:30

సాఫ్ట్‌వేర్‌లో బేరింగ్ వివరాలు మార్చాను. ఇప్పుడు పీక్‌కి పేరు వచ్చింది: ఇన్నర్ రేస్, రెండో, మూడో హార్మోనిక్ (దానికి రెండు, మూడు రెట్ల దగ్గరి పీక్‌లు) కూడా ఉన్నాయి. పాత రికార్డులన్నీ మళ్లీ నడిపిస్తే మొదటిసారి కనిపించింది మూడు వారాల కిందట కాదు, జనవరిలోనే. అప్పుడు ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

మెల్లగా_తిరిగేవాడు · ఏప్రిల్ 15, ఉదయం 9:00

మధ్యలో ఒక సందేహం, క్షమించండి. ఇదే పద్ధతి రోటర్ షాఫ్ట్‌ని మోసే మెయిన్ బేరింగ్‌కి పనిచేస్తుందా? మా దగ్గర అది పాడైతే వైబ్రేషన్‌లో ఎప్పుడూ ముందు తెలియదు.

బాలానగర్_బాబాయ్ · ఏప్రిల్ 15, ఉదయం 9:45

చేస్తుంది, కష్టపడి చేస్తుంది. రోటర్ నిమిషానికి 15 చుట్లు తిరిగితే ఒక చుట్టుకు నాలుగు సెకన్లు. హైస్పీడ్ షాఫ్ట్‌కి పది సెకన్ల రికార్డింగ్ తీస్తే 250 చుట్లు దొరుకుతాయి, అదే పది సెకన్లు మెయిన్ బేరింగ్‌కి తీస్తే రెండున్నర చుట్లు. దాంతో ఏం తేలుతుంది? నిమిషాల తరబడి రికార్డ్ చేయాలి, తక్కువ ఫ్రీక్వెన్సీ పట్టే సెన్సర్ పెట్టాలి. గుద్దు కూడా మెత్తగా ఉంటుంది. అక్కడ నేనైతే గ్రీజు నమూనాని ఎక్కువ నమ్ముతాను. మీ ప్రశ్నకు వేరే థ్రెడ్ తెరవండి, ఇది ఇప్పటికే పొడుగైంది.

గాలిలెక్క · ఏప్రిల్ 25, రాత్రి 12:20

వింత జరిగింది. వారం నుంచి పీక్ తగ్గిపోతోంది. సగానికి సగం. నిన్న మీటింగ్‌లో మా లీడ్ గ్రాఫ్ చూపించి "చూశావా, అదే సర్దుకుంది" అన్నారు. అందరి ముందూ.

బాలానగర్_బాబాయ్ · ఏప్రిల్ 25, ఉదయం 5:30

ఇనుము సర్దుకోదమ్మా. పగిలిన కుండ అతుక్కున్నట్టు ఎక్కడైనా చూశావా? ఈ వారం అక్కడ గాలి ఎంత?

గాలిలెక్క · ఏప్రిల్ 25, ఉదయం 5:41

చాలా తక్కువ. టర్బైన్ ఎక్కువ సేపు 300–400 కిలోవాట్ల దగ్గరే ఉంది... అయ్యో.

బాలానగర్_బాబాయ్ · ఏప్రిల్ 25, ఉదయం 5:50

అదీ. బరువు లేనప్పుడు ఏ మోకాలూ నొప్పి పెట్టదు. గాలిమర పంపులాంటిది కాదు, దాని బరువు గంటకో రకం. ఒకే పవర్ దగ్గర తీసిన రికార్డులను మాత్రమే పక్కపక్కన పెట్టు. 1500 నుంచి 1700 కిలోవాట్ల మధ్య తీసినవి ఎన్ని దొరికితే అన్ని. నాలుగే దొరికినా సరే.

గాలిలెక్క · ఏప్రిల్ 26, రాత్రి 1:10

ఐదు దొరికాయి. ఎన్వలప్ పీక్ మాత్రమే రాస్తున్నా. జనవరి చివర 0.3 జీ (కుదుపు కొలత). ఫిబ్రవరి 0.4. మార్చి 20న 0.6. ఏప్రిల్ 8న 0.9. ఏప్రిల్ 22న ఒక్క సాయంత్రం గాలి లేచింది, అప్పుడు 1.4.

అన్ని రికార్డులూ కలిపి గీస్తే దిగుతున్న గీత. ఈ ఐదే గీస్తే ఎక్కుతున్న గీత. రెండూ ఒకే టర్బైన్‌వి.

పైసా_వసూల్ · ఏప్రిల్ 26, ఉదయం 9:15

ఇప్పుడు మాట్లాడదాం. ఈ ఐదు చుక్కల గ్రాఫ్ ఒకటే పేజీలో పెట్టండి. జాబ్ కార్డు ఫోటో, రోలర్ల లెక్క పెట్టండి. ఎన్వలప్, డీమాడ్యులేషన్ అని ఒక్క ముక్క రాయకండి. కింద రెండే రెండు వాక్యాలు: ఇప్పుడు చేస్తే నాసెల్‌లో ఉన్న సొంత హాయిస్ట్‌తో పైనే బేరింగ్ మార్చొచ్చు. బేరింగ్ ముక్కలై గేర్లలో పడితే గేర్‌బాక్స్ మొత్తం దించాలి, క్రేన్ కావాలి, అదీ జూలైలో. నేను యజమాని అయితే ఆ రెండో వాక్యం చదివాక మూడోది అడగను.

అన్నట్టు, మార్చమని అడగకండి. ఎక్కి చూసి రమ్మని మాత్రమే అడగండి. చూడ్డానికి ఎవరూ కాదనరు.

ఆయిల్_చుక్క · ఏప్రిల్ 26, ఉదయం 10:05

మొన్న పంపిన శాంపిల్ రిపోర్ట్ వచ్చింది, వాళ్ల అనుమతితోనే చెబుతున్నా. ఐరన్ పీపీఎం మామూలే. పీక్యూ మాత్రం ఆరు నెలల కిందటి దానికి మూడింతలు. ఇందుకే మొదట్లోనే చెప్పాను.

డేటా_దోసె · ఏప్రిల్ 26, ఉదయం 11:30

ఆసక్తి కొద్దీ మా మోడల్‌లాంటిదే మీ టవర్ టెంపరేచర్ మీద నడిపి చూడమన్నాను, గాలిలెక్క గారు అంకెలు పంపారు. మోడల్ జవాబు: ఆరోగ్యంగా ఉంది. నిజాయితీగా ఇక్కడ పెడుతున్నా.

గాలిలెక్క · మే 4, రాత్రి 10:15

ఒక పేజీ పంపాను. పైసా_వసూల్ సార్ చెప్పినట్టే. బోరోస్కోప్‌తో (లోపలికి దూర్చే సన్నటి గొట్టం కెమెరా) చూడ్డానికి ఒప్పుకున్నారు. లీడ్ ఏమీ అనలేదు, ఆ ఒక్క పేజీని తన పేరుతో ఫార్వర్డ్ చేశారు. పోనీలెండి.

కొండమీద_టవర్ · మే 9, సాయంత్రం 5:20

ఈ పొద్దు ఎక్కినాం. పొద్దున్నే ఆరుకి మొదలుపెడితే గానీ మే నెలలో ఆ డబ్బా లోపల ఉండలేము. రోటర్ లాక్ ఏసి, గేర్‌బాక్స్ మూత తీసి, బోరోస్కోప్ లోపలికి పోనిచ్చినాం. నేను స్క్రీన్ చూస్తాంటే మా వాడు బ్రేక్ డిస్క్ పట్టుకుని కొంచెం కొంచెం తిప్పినాడు. లాక్‌లో ఉండే సందు చాలదు, మధ్యలో రెండు సార్లు లాక్ తీసి మళ్లీ ఏయాల్సి వచ్చింది.

మొదట అంతా మెరుస్తా ఉండాది, ఏమీ లేదు అనుకున్యా. ఇంకొంచెం తిప్పితే వచ్చింది. ఇన్నర్ రేస్ మీద అడ్డంగా కాదు, షాఫ్ట్ పొడవునా ఒక నల్లగీత. వెంట్రుకంత సన్నం. వెడల్పులో సగానికి పైన ఉండాది. గీత పక్కన ఒక చోట వేరుశనగ గింజంత పెచ్చు లేసిపోయింది. రోలర్లు బాగుండాయి. గేర్ల పండ్లు బాగుండాయి.

బాలానగర్_బాబాయ్ · మే 9, సాయంత్రం 5:45

షాఫ్ట్ పొడవునా పగులు. హైస్పీడ్ బేరింగుల్లో గాలిమరల వాళ్లను ఏడిపిస్తున్న జబ్బు ఇదే. ఆ రింగ్ కోసి, పాలిష్ చేసి, యాసిడ్‌తో ఎచ్ చేసి సూక్ష్మదర్శిని కింద పెడితే పగులు చుట్టూ తెల్లగా కనిపించొచ్చు. వైట్ ఎచింగ్ క్రాక్స్ అనేది అందుకే. అలసటతో అరిగి పోయే బేరింగ్ కాదు ఇది, ఉండాల్సిన ఆయుష్షులో కొంత భాగానికే పోతుంది. అమెరికాలో ఎన్ఆర్ఈఎల్ అనే జాతీయ పునరుత్పాదక ఇంధన ల్యాబ్ వాళ్లు పోగుచేసిన గేర్‌బాక్స్ వైఫల్యాల్లో నాలుగింట మూడొంతులు బేరింగులవే. గేర్‌బాక్స్ అని పేరు గానీ, పోయేది గేర్లు కాదు.

కారణం మీద మాత్రం పండితుల మధ్య ఇంకా తగువే. ఆయిల్‌లో కలిపే మందులు, బేరింగ్ గుండా పారే కరెంటు, రోలర్ జారడం, ఒక్కసారిగా పడే దెబ్బలు, ఒక్కొక్కరిది ఒక్కో మాట.

కొండమీద_టవర్ · మే 9, సాయంత్రం 6:10

దెబ్బల సంగతి నాకు తెలుసు బాబాయ్. లైను ట్రిప్ అయినప్పుడల్లా బండి ఒక్కసారిగా లోడు పారేసుకుంటాది, బ్రేక్ పడితే ఆ కుదుపంతా ఈ షాఫ్ట్ మీదనే, డిస్క్ దీనికే కదా ఉండేది. ఎండాకాలం మా సబ్‌స్టేషన్లో ఎన్ని ట్రిప్పులో లెక్క లేదు.

గాలిలెక్క · మే 22, రాత్రి 11:00

బేరింగ్ మార్చారు. నాలుగు రోజులు ఆగింది టర్బైన్, గాలి లేని రోజులే. ఈసారి ఏ కంపెనీది, ఎన్ని రోలర్లు అని పనికి ముందే అడిగి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాను. ఆయిల్ కూడా వడగట్టించారు. నిన్న 1600 కిలోవాట్ల దగ్గర రికార్డు తీశాను, 11.3 దగ్గర చదునుగా ఉంది.

పాత రింగ్ సైట్‌లో ఉంది. తమ్ముడు చేతిలో పట్టుకుని తీసిన ఫోటో పంపాడు. ఫోటోలో పగులు కంటే అతని గోళ్లలోని ఆయిల్ మురికే ఎక్కువ కనిపిస్తోంది.

రాణిగంజ్_రోలర్ · మే 23, ఉదయం 10:40

గా రింగ్ నాకు పంపుతరా? గల్లా పెట్టె పక్కన పెడ్త. "నంబర్ ఒకటే కద, ఏదైతేంది" అనేటోనికి చూపిచ్చెతందుకు.

పైసా_వసూల్ · మే 23, మధ్యాహ్నం 12:15

ముందు మా బాస్‌కి పంపండి.

గాలిలెక్క · జూన్ 2, రాత్రి 12:45

ఆ నెలలోనే అదే కంపెనీ బేరింగ్ వేసిన మిగతా పదకొండు టవర్లకూ సాఫ్ట్‌వేర్‌లో వివరాలు మార్చి, పాత డేటా అంతా మళ్లీ నడిపించాను. పదింటిలో ఏమీ లేదు.

టవర్ 31లో 11.3 దగ్గర చిన్న బుడిపె ఉంది. 0.2 జీ. సైడ్‌బ్యాండ్లు ఇంకా సరిగ్గా లేవలేదు. తమ్ముడూ, గాలి పుంజుకునేలోపు ఒకసారి ఎక్కి చూడగలరా?

కొండమీద_టవర్ · జూన్ 2, ఉదయం 6:20

ఎక్కుతా అక్కా. 31కి లిఫ్ట్ పనిచెయ్యదు, నిచ్చెనే. మూత తీసే స్పానర్ 17లో మర్చిపోయినా, ముందు దానికి ఎక్కాల.